జంట సున్నల మాటలు

ఇంగ్లీషు నేర్వ మొదలిడిన పిల్లవానికి మిక్కిలి సులభముగా పట్టుబడు అక్షరము 'ఓ'. అది మన సున్నయే. గుండ్రముగా ఒక గీత చుట్టినచో అక్షరము సిద్ధమగును. కాని ఆ సున్నలు రెండు పక్కపక్కను చేరినంతనే చిక్కు మొదలగును. రెండు 'ఓ'లు కలిసినచో పెద్ద 'ఓ' కావలెనని పిల్లవాడు తలచును. ఉపాధ్యాయుడు 'ఊ' అని పలుకు మనును. చంద్రుడు 'మూన్', వేరు 'రూట్'. సరే అని దీర్ఘము నేర్చుకొనునంతలో పుస్తకము 'బుక్' అనియు, మంచి 'గుడ్' అనియు హ్రస్వము వచ్చును. దానికి అలవాటు పడునంతలో నెత్తుటికి 'బ్లడ్', వరదకు 'ఫ్లడ్', వాకిటి తలుపునకు 'డోర్' అని పలుకవలసి వచ్చును. వ్రాత ఒక్కటే, పలుకులు నాలుగు.

ఈ జంట సున్నలను చూచి విసుగుకొనుట సహజమే. అయినను ఇంగ్లీషు నిఘంటువులో ఈ జంట గల మాటలను మాత్రము ఏరి, ఒకచోట కుప్ప పోసి చూచినచో ఒక వింత కానవచ్చును. అందు కొన్ని మాటలు మనము ఎఱిగిన ముఖములవలె తోచును. వేషము దొరలది, ముఖము మన పల్లెటూరిది. గిద్దలూరు చేలలోను, నల్లమల అడవి యంచునను, కంభము సీమ చెరువుల దాపునను మనము చూచు ప్రాణులు, మనము నిత్యము పలుకు మాటలు ఆ కుప్పలో దాగి యున్నవి. వాటి పుట్టుపూర్వోత్తరములను గూర్చి నేడు మేము కొంత ముచ్చటింప దలచినాము.

ముందుగా, రెండు 'ఓ'లకు 'ఊ' అను పలుకు ఏల వచ్చినది? పూర్వము ఇంగ్లీషువారును మన పిల్లవానివలెనే ఈ మాటలను దీర్ఘమైన 'ఓ'తో పలికెడివారు. వారి ప్రాచీన భాషలో చంద్రుడు 'మోన', మంచి 'గోద్', పాదము 'ఫోత్'. ఆ దీర్ఘమును కంటికి చూపుటకై అక్షరమును రెండు మారులు వ్రాయు అలవాటు తరువాత ఏర్పడినది. పిమ్మట, సుమారు 15వ శతాబ్దము మొదలుకొని రెండు వందల యేండ్ల కాలములో, ఇంగ్లీషు దీర్ఘాచ్చులు ఒకదాని వెంట ఒకటి స్థానములు మార్చుకొనినవి. భాషాశాస్త్రజ్ఞులు దీనిని అచ్చుల మహాపరివర్తనము అని చెప్పుదురు. ఆ కదలికలో 'ఓ' పైకి జరిగి 'ఊ' అయ్యెను. కాని విలియం కాక్స్‌టన్ 1476లో ఇంగ్లండునకు అచ్చుయంత్రము తెచ్చి యుండెను. అచ్చు పుస్తకములు వ్యాపించిన కొలది అక్షరక్రమము గట్టిపడెను. నోరు మారినది, వ్రాత నిలిచిపోయినది. పలికినట్లు వ్రాసి, వ్రాసినట్లు పలుకు అలవాటు గల మనకు ఈ వ్యవహారము వింతగా నుండుటకు కారణ మిదియే.

ఇక రెండవ సంగతి. జంట సున్నల మాటలను పొట్టివి, పొడవైనవి అని రెండు రాసులుగా వేరు చేసి చూడుడు. మూన్, ఫుట్, బుక్, గుడ్, వుడ్, రూట్, గూస్ మొదలగు పొట్టి మాటలలో పెక్కు ఇంగ్లీషు వారి ఇంట పుట్టినవి, లేదా ఏనాడో వచ్చి ఇంటివారిలో కలిసిపోయినవి. పొడవైన మాటలు పెక్కు వలస వచ్చిన చుట్టములు. బెలూన్, సెలూన్, కార్టూన్ అనునవి ఫ్రెంచి, ఇటాలియను ఇండ్లనుండి వచ్చినవి. కాకటూ అను చిలుకజాతి పక్షి పేరు మలయా భాషది. ఒంటిమీద పచ్చబొట్టును చెప్పు టాటూ, నిషేధమును చెప్పు టాబూ పసిఫిక్ మహాసముద్ర ద్వీపములవి. కంగారూ అను పేరును 1770లో కెప్టెన్ జేమ్స్ కుక్ బృందమువారు ఆస్ట్రేలియా ఈశాన్య తీరమున గూగు యిమిథిర్ అను భాష మాటలాడు ప్రజల నోట విని వ్రాసుకొనిరి. మతిలేని దొరలకు 'నాకు తెలియదు' అని ఒక స్థానికుడు చెప్పిన జవాబే ఆ జంతువునకు పేరైనదని ఒక కథ చిరకాలము ప్రచారములో నుండెను. అది వట్టి కట్టుకథ. ఆ భాషలో 'గంగుర్రు' అనునది ఒక జాతి కంగారూకు నిజమైన పేరే.

కనుక పొడవైన మాటలో జంట సున్నలు కనబడినప్పుడు 'నీ దేయూరు?' అని అడుగదగును. 'చైల్డ్‌హుడ్' వంటి సమాసములు ఈ సూత్రమునకు లోబడవు. అయినను పెక్కు చోట్ల ఈ ప్రశ్నకు మంచి జవాబు దొరకును.

దూరదేశపు మాటలకు ఈ జంట సున్నలే ఏల తగులుకొన్నవి? చెవియే కారణము. 17, 18 శతాబ్దములలో మన దేశమునకు వచ్చిన కుంఫిణీ ఉద్యోగికి ఇచటి 'ఊ' వినబడినది. దానిని తన ఇంటి అలవాటు ప్రకారము రెండు 'ఓ'లతో వ్రాసికొనెను. గుంటూరు పాత ఇంగ్లీషు కాగితములలో అట్లే జంట సున్నలతో కనబడును. కాని అందఱి చెవియు ఒక్కటి కాదు. నెల్లూరు, వేలూరు, మైసూరు అను పేర్ల చివర గల అదే 'ఊరు' మఱియొకరి చేతిలో 'ఓ-ఆర్-ఈ' అను మూడక్షరములై, వినువారికి 'ఓర్' అయ్యెను. ఒక్క ఊరునకే రెండు వేషములు!

ఈ గందరగోళమును సవరింప యత్నించినవారు లేకపోలేదు. కలకత్తాలో సర్ విలియం జోన్సు ఆసియా భాషల మాటలను రోమను లిపిలో వ్రాయు పద్ధతిని గూర్చి ఒక వ్యాసము రచించి 1788లో ప్రకటించెను. 'ఉ'కారమునకు 'యు' అను అక్షరమును, దీర్ఘమైనచో దానిపై ఒక గుర్తును వాడుట ఆయన పద్ధతి. కచేరీలు మాత్రము చాలకాలము జంట సున్నలను విడువలేదు. 1870ల దశకములో విలియం విల్సన్ హంటర్ సిద్ధము చేసిన పద్ధతిని ప్రభుత్వము అంగీకరించిన పిమ్మటనే 'యు' అక్షరము గెలిచెను. అందుచేతనే నేడు గుంటూరునకు గాని, మా గిద్దలూరునకు గాని జంట సున్నలు లేవు. అయితే మిక్కిలి వాడుకబడిన పేర్లు కొన్ని పాత రూపముననే నిలిచినవి. కర్నూలు అందులో ఒకటి. గిద్దలూరు 1970 వరకు కర్నూలు జిల్లాలోనిదే. ఆ యేట ఒంగోలు కేంద్రముగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరెను. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. కావున మా పెద్దలు ఉత్తరము పైన ఊరి పేరు ఒక 'యు'తోను, జిల్లా పేరు రెండు 'ఓ'లతోను వ్రాసెడివారు. ఒకే కార్డు మీద రెండు కాలముల చెవులు!

ఇక మన ప్రాణుల సంగతి చూతము. వీటిలో మొదటిది 'బాండికూట్'. ఇది మన పందికొక్కు. కొక్కు అనగా తెలుగున ఎలుక. వినాయకునకు కొక్కురౌతు అను పేరు ఈ మాట మీదనే ఏర్పడినది. పందివలె బలిసి, పందివలె నేలను త్రవ్వి, కోపము వచ్చినప్పుడు పందివలె గురగురలాడును గనుక మనవారు ఈ పెద్ద ఎలుకకు పందికొక్కు అని పేరు పెట్టిరి. పేరు పెట్టినవాడు ఆ ప్రాణిని దగ్గఱ నుండి చూచినవాడని వేఱుగ చెప్పనక్కఱలేదు. పొలము గట్లకు బొరియలు వేయునదియు, గాదెల క్రింద గుల్ల చేయునదియు ఇదియే.

ఇంగ్లీషువారు ఈ మాటను తీసికొన్నప్పుడు 'ప' పోయి 'బ' వచ్చెను. చివరి 'క్కు' పోయి 'ట్' వచ్చెను. 'కూట్' అను నీటిపక్షి పేరు వారి భాషలో ముందే కలదు. తెలియని మాట వినబడినప్పుడు తెలిసిన మాట దాని మీద వాలుట మానవ సహజము. 1886లో హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ అను ఇద్దఱు పండితులు ప్రకటించిన 'హాబ్సన్-జాబ్సన్' అను నిఘంటువు ఈ మాట తెలుగు పందికొక్కు యొక్క అపభ్రంశమే అని స్పష్టముగా చెప్పినది.

తరువాతి ప్రయాణము ఇంకను చిత్రమైనది. ఆస్ట్రేలియాలో స్థిరపడిన ఆంగ్లేయులు అచట మూతి పొడవైన ఒక చిన్న జంతువును చూచి దానికి బాండికూట్ అనియే పేరు పెట్టిరి. ఆ జంతువు ఎలుక కాదు, పంది కాదు. కంగారూవలె పిల్లను సంచిలో పెంచు జాతిది. పందికొక్కుతో దానికి చుట్టరికము లేదు. జంతుశాస్త్రజ్ఞుడు జాన్ ఎడ్వర్డ్ గ్రే 1873లో మన పందికొక్కుల జాతికి 'బాండికోటా' అని శాస్త్రనామ మిచ్చెను. ఆ విధముగా తెలుగు మాట ఒకటి శాస్త్ర గ్రంథముల కెక్కినది. 1996లో ఆస్ట్రేలియా జంతువు రూపున 'క్రాష్ బాండికూట్' అను కంప్యూటరు ఆట బయలుదేరి లోకమందలి పిల్లల నలరించినది. ఆ ఆట ఆడిన మన పిల్లలలో ఎందఱకు తాము పందికొక్కు అను మాటనే పలుకుచున్నామని తెలియును?

2018లో కేరళ దేశపు యువ ఇంజనీర్లు మురుగు గుంతలలోనికి మనిషి దిగనక్కఱలేకుండ శుభ్రము చేయు యంత్రమొకటి తయారు చేసి దానికి 'బాండికూట్' అని పేరు పెట్టిరి. నేలలో దూరి పని చేయు యంత్రమున కంతకంటె తగిన పేరు దొరకదు. లోకమంతయు తిరిగిన మాట ఒక మంచిపనికై మరల మన దక్షిణదేశమునకు చేరుకొన్నది.

రెండవ ప్రాణి 'మాంగూస్'. ఇది ముంగిస. ఈ మాట ఇంగ్లీషునకు నేరుగా తెలుగునుండి పోలేదు. మరాఠీలో దానిని మంగూస్ అందురు. ఆ త్రోవన ఐరోపావారికి చేరినది. అయితే దాని వేరు ద్రావిడ భాషలలో నున్నదనియు, మన ముంగిస, కన్నడుల ముంగిసి దానికి దగ్గఱి బంధువులనియు పండితులు నిర్ణయించిరి. 1670ల దశకములో మన దేశమున సంచరించిన జాన్ ఫ్రయర్ అను వైద్యుడు 1698లో ప్రకటించిన తన యాత్రాగ్రంథమున ఈ ప్రాణిని పేర్కొనెను.

ఇచటను తెలిసిన మాట వచ్చి తెలియని మాట మీద వాలినది. 'గూస్' అనగా బాతుజాతి పక్షి. ముంగిసకును బాతునకును ఏమి సంబంధము? ఏమియు లేదు. బాతు ఒకటైనచో 'గూస్', పెక్కైనచో 'గీస్' అని ఇంగ్లీషు వ్యాకరణము. కావున ముంగిసలు పెక్కు చేరినప్పుడు 'మాంగీస్' అనవలెనని పిల్లలు తడబడుదురు. అది తప్పు, 'మాంగూసెస్' అనియే అనవలెను. ఏలనన అది బాతు ఇంటి బిడ్డ కాదు, మన ఇంటిది. పుట్టుక తెలిసినచో వ్యాకరణము దానంతట అదియే తెలియు నను దానికి ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకుట కష్టము.

ముంగిసయు సముద్రములు దాటినది. జమైకా ద్వీపములో చెరకు తోటలను ఎలుకలు పాడు చేయుచుండగా, 1872లో ఒక తోట యజమాని కలకత్తానుండి తొమ్మిది ముంగిసలను తెప్పించి విడిచెను. అవి ఎలుకలను తినినవి. పిమ్మట నేలమీద గ్రుడ్లు పెట్టు పక్షులను, తొండలను, కోళ్లను సైతము తినసాగినవి. 1883లో జమైకా నుండి హవాయి ద్వీపముల చెరకు తోటలకు వాటి సంతతిని కొనిపోయిరి. అచటను అదే కథ. తెచ్చినవారి తొందరపాటునకు నింద మాత్రము ముంగిసపై పడినది. ఈ చెరకు తోట సంగతిని శ్రోతలు కొంచెము గుర్తుంచుకొన గోరుచున్నాము. దానితో మనకు మరల పని గలదు.

మఱి కొన్ని చుట్టములను త్వరగా పలుకరించి పోదము. 'చెరూట్' అనగా పొగచుట్ట. ఇది మన పొరుగువారగు తమిళుల 'శురుట్టు' అను మాట. చుట్టబడినది అని యర్థము. మన చుట్టయు ఆ భావముననే పుట్టినది. 'షాంపూ' హిందీ 'చాంపో' అను మాట. ఒత్తుము, పిసుకుము అని ఆజ్ఞ. మొదట అది ఒడలు పట్టుటకే చెల్లినది. పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ అను ఆయన ఇంగ్లండులో బ్రైటన్ పట్టణమున స్నానశాల నెలకొల్పి, ఒడలు పట్టు విద్యచే రాజుల మన్ననలు పొందెను. 1822లో ఆ విద్యను గూర్చి పుస్తకము వ్రాసెను. తల రుద్దుకొను అర్థము ఆ తరువాత వచ్చినది. 'లూట్' అను మాటను గూర్చి చెప్పనే యక్కఱలేదు. మన లూటీ అది. దోచుకొన్న సొమ్ముతోపాటు దోపిడి అను మాటను సైతము వారు కొనిపోయిరని కొందఱు చమత్కరింతురు. గిద్దలూరు గల కంభము సీమ 1800లో నిజాము కుంఫిణీకి ధారాదత్తము చేసిన దత్తమండలములలోనిది గనుక మాకు ఆ చమత్కారము కొంచెము చేదుగానే తోచును.

పరుల మాటలను వంచుట ఇంగ్లీషువారి తప్పని మేము చెప్పుట లేదు. మనమును అంతయే. తెలుగు మాట అచ్చుతో ముగియవలెను. కనుక వారి రోడ్ మనకు రోడ్డు అయ్యెను. కార్ కారు, బస్ బస్సు, బాక్స్ బాక్సు. గుంటూరునుండి నంద్యాలకు నల్లమల కొండలను త్రవ్వి వేసిన పట్టాలమీద నడచు బండి మనకు రైలు. వారి భాషలో 'రైల్' అనగా క్రింది ఇనుప కమ్మి మాత్రమే! హాస్పిటల్ మన నోట ఆసుపత్రి యగుటలో మన చెవికి ఎఱిగిన 'పత్రి' వినబడును. ముంగిసలో వారికి బాతు వినబడినట్లే ఇదియును. కడప మొదలగు జిల్లాలలో ఉద్యోగము చేసి తెలుగునకు మహోపకారము చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించిన పిదప, 1854లో తెలుగున వాడుకబడు అన్యదేశ్య పదములకై వేఱొక నిఘంటువునే కూర్చెను. ఇచ్చిపుచ్చుకొనుట అంత విరివిగా నడచినది.

ఇట్టి ఇచ్చిపుచ్చుకోలులో నవ్వుకొనదగిన సంగతులే ఎక్కువ. కాని మన కుప్పలో ఇంకొక మాట మిగిలినది. దానిని చూచి నవ్వుట సాధ్యము కాదు. ఆ మాట 'కూలీ'.

ఇంగ్లీషులో ఇది జంట సున్నలతో వ్రాయబడును. దీని మూలమును గూర్చి రెండు వాదములు గలవు. గుజరాతు తీరమున గల కోలీ అను జాతి పేరునుండి పోర్చుగీసువారు దీనిని గ్రహించిరని కొందఱు. తెలుగు, తమిళ, కన్నడములలో గల 'కూలి' అను మాటయే మూలమని మఱికొందఱు. రెండును కలిసిపోయి ఒక్కటైనవని చెప్పువారును కలరు. మూలము ఏదైనను, మన కూలి ఆ మాటలో కలిసినదనుట నిశ్చయము. ఇచట గమనింపవలసినది అర్థములో వచ్చిన మార్పు.

తెలుగున కూలి అనగా మనిషి కాదు. చేసిన పనికి ముట్టవలసిన ప్రతిఫలము. 'ఈ దినము కూలి ఎంత?' అని అడుగుదుము. 'కూలికి పోయినాడు' అందుము. పని చేయువానిని చెప్పదలచినచో కూలివాడు అనియో, కూలిమనిషి అనియో వేఱొక మాట చేర్చుదుము. అనగా మన భాషలో సొమ్ము వేఱు, దానిని సంపాదించు మనిషి వేఱు. ఇంగ్లీషు చేతిలో పడిన తరువాత సొమ్ము మాయమయ్యెను, మనిషి మిగిలెను. ఆ మనిషికి ఆ మాటయే పేరైపోయెను.

ఇది వట్టి వ్యాకరణ విషయము కాదు. బ్రిటిషు సామ్రాజ్యమున 1834లో బానిసత్వము రద్దు కాగా చెరకు తోటలకు పనివారు కావలసి వచ్చిరి. ఇందాక ముంగిసలను విడిచిన తోటలవంటివే అవి. మనదేశమునుండి ఒడంబడిక వ్రాయించుకొని జనులను ఓడలలో పంపిరి. మొదట మారిషసు ద్వీపమునకు, తరువాత జమైకా, నేటాలు, ఫిజీ మొదలగు దేశములకు. కాకినాడ చెంత గల కోరంగి రేవునుండి ఓడ ఎక్కిన తెలుగువారికి మారిషసులో 'కోరింగీలు' అని పేరు వచ్చెను. ఎక్కిన రేవే వారి జాతి పేరైనది. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసునుండి 'ట్రురో' అను ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బను చేరినది. అప్పటినుండి 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు ఆ నేటాలు రాజ్యమునకు చేరిరి. వారిలో మద్రాసు రాజధానివారే ఎక్కువ. తెలుగు జిల్లాలవారును అనేకులు. ఓడ పట్టీలలో ఒక్కొక్కరికి ఒక సంఖ్య వేసి, పేరు, తండ్రి పేరు, వయస్సు, ఊరు, ఒంటిమీది పుట్టుమచ్చ వ్రాసికొనిరి. ఇన్ని వివరములు పుస్తకములో వ్రాసికొన్నవారు నోట పిలుచునప్పుడు మాత్రము అందఱిని ఒకే మాటతో పిలిచిరి.

ఆ మాట క్రమముగా పనివానిని దాటి, భారతీయుడైన ప్రతివానికి అంటుకొన్నది. 1893లో గాంధీమహాత్ముడు డర్బను రేవున దిగునప్పటికి వర్తకుడైనను కూలీ వర్తకుడే. న్యాయశాస్త్రము చదివి కోటు తొడిగిన తనను సైతము 'కూలీ బారిష్టరు' అనిరని ఆయన తన ఆత్మకథలో చెప్పెను. మన దక్షిణాది పేర్ల చివరనుండు 'సామి' అను మాటను సైతము ఆ దొరలు హేళనగా వాడెడివారట. సామి యనగా యజమాని యని అర్థము చెప్పి, నేను నీ యజమానిని కానుగదా యని తిరుగ జవాబిచ్చిన భారతీయులు కొందఱుండిరని ఆయనయే వ్రాసెను. మాట యొక్క అర్థము తెలిసియుండుట ఒక్కొక్కప్పుడు మనిషికి ఎంతటి కవచమగునో ఈ చిన్న సంగతి చూపుచున్నది. ఒడంబడిక కూలీల ఎగుమతి 1917లో నిలిచినది. ఆ మాట మాత్రము దక్షిణాఫ్రికాలో నేటికిని తిట్టుగనే పరిగణింపబడుచున్నది.

మన దేశమున రైలు స్టేషన్లలో ఎఱ్ఱ చొక్కా తొడిగి సామాను మోయువారిని సైతము ఆ మాటతోనే పిలుచుట అలవాటయ్యెను. 2016 రైల్వే బడ్జెటులో వారిని ఇకపై 'సహాయక్' అని పిలువవలెనని ప్రకటించిరి. పేరు మార్చినంత మాత్రమున బరువు తగ్గదు. అయినను పిలుపులో మన్నన యుండవలెనను తలపు మంచిదే.

ఇప్పుడు మా సీమకు వత్తము. వానలు ముఖము చాటు చేసిన యేడు మా పడమటి పల్లెలనుండి ఎన్నో కుటుంబములు మిరపకోతలకై గుంటూరు వైపునకు పోవుట కలదు. ఇంటికి తాళము వేసి, పిల్లలను వెంటబెట్టుకొని, లేదా అవ్వతాతలయొద్ద విడిచి పోవుదురు. వారి నోట కూలి అను మాట విన్నచో అందు లజ్జ కనబడదు. కూలి గిట్టినదా, కూలి ముట్టినదా, కూలి పెరిగినదా యని లెక్క కనబడును. అది వారి హక్కు పేరు. ఇంగ్లీషు నిఘంటువులోని జంట సున్నల మాటలో లోపించినది సరిగా ఈ లెక్కయే.

కనుక ఇంట పిల్లలు ఇంగ్లీషు పాఠము తీసి చదువునప్పుడు పెద్దలు ఈ మాటల ఊరుపేరు కొంచెము చెప్పవలెనని మా మనవి. బాండికూట్ కనబడినప్పుడు, ఇది మన చేని పందికొక్కురా యని చెప్పినచో పిల్లవాడు నవ్వును. ఆ అక్షరక్రమమును మఱి మఱవడు. మాంగూస్ కనబడినప్పుడు బాతు కథ చెప్పుడు, బహువచనము తప్పడు. పరభాష కొండవలె భయపెట్టునది కాదనియు, అందు తన ఊరివారు సైతము కాపురమున్నారనియు వానికి ధైర్యము కలుగును. ఇంగ్లీషు బడి గడప తొక్కుటకు జంకు పల్లెటూరి బిడ్డకు ఈ ధైర్యము చిన్నది కాదు.

కూలీ అను మాట కనబడిననాడు మాత్రము నవ్వింపకుడు. ఆ మాట మనిషి పేరు కాదని, మనిషికి ఇవ్వవలసిన బాకీ పేరని చెప్పుడు. పనివానిని పేరుతో పిలిచి, కూలిని లెక్కతో ఇచ్చుట మన భాష మనకు నేర్పిన మర్యాద.